అర సెంటు

మంగళవారం రాత్రి ఏడింటికి
వెల్డన్ క్రీక్ టౌన్ హాల్లో ముప్ఫై నాలుగు మంది.
మామూలుగా వచ్చేది ముగ్గురు,
అందులో ఒకరు హీటరు కోసం.

నా పని రాయడం.
ఎవరు లేచారు, ఎవరు బలపరిచారు,
ఎన్నింటికి ముగిసింది.
పదహారేళ్లుగా ఈ ఊరి గొంతుని
గొంతు లేకుండా రాస్తున్నాను.

మేయర్ లిండ్‌క్విస్ట్ కళ్లజోడు తుడుచుకుని చదివాడు:
డాలరు కొనుగోలు మీద అర సెంటు పన్ను,
పదేళ్లపాటు,
రోడ్లకీ నీటి గొట్టాలకీ తప్ప మరి దేనికీ కాదు.
ఖజానాలో చిల్లిగవ్వ లేదు,
వీధుల నిండా చిల్లులే
అని నేను రాయలేదు.
‘ఆర్థిక పరిస్థితి వివరించబడినది’ అని రాశాను.

ట్రాక్టర్లమ్మే డ్వేన్ హ్రుస్కా టోపీ తియ్యకుండానే లేచాడు.
“ఏడు మైళ్లు పోతే కౌంటీ గీత.
గీత దాటితే ఈ అర సెంటు లేదు.
నలభై వేల బండి మీద రెండు వందలు మిగులుతాయంటే
నా సొంత బావమరిది కూడా
నా కొట్టు ముందునించే చెయ్యూపుతూ పోతాడు.”
బావమరిది మూడో వరసలోనే ఉన్నాడు.
కాదనలేదు.

ఆఖరి కుర్చీలోంచి రొసాల్బా కింటెరో.
లాండ్రీ మూసి తిన్నగా వచ్చినట్టుంది,
మోచేతుల దాకా సబ్బు వాసన.
“కొండ మీది ఇళ్ల మీద వెయ్యండి ఆ పన్నేదో.
నా దగ్గరికొచ్చే ఆడవాళ్లు
బట్టలు ఆరేలోగా
ఉన్న నాణేల్నే రెండుసార్లు లెక్కపెట్టుకుంటారు.
అర సెంటు ఎంతలే అనేవాళ్లు
డైపర్లు ఆఖరిసారి ఎప్పుడు కొన్నారో
చెప్పమనండి.”

ఎవరూ చెప్పలేదు.
‘వ్యతిరేకత వ్యక్తమైనది’ అని రాసి
కొట్టేశాను.
ఆమె మాటల్ని ఆమె మాటల్లోనే రాశాను.
డైపర్లతో సహా.

నీటి శాఖ ఓటిస్ క్రెబ్స్‌కి మాట్లాడటం రాదు.
గోనెసంచీలోంచి గొట్టం ముక్క తీసి
బల్ల మీద పెట్టాడు, అంతే.
మొన్న శుక్రవారం ఎల్మ్ వీధిలో పగిలింది.
వేసిన రోజున పిడికిలి దూరేదట.
తుప్పు లోపల్లోపలే పెరిగి పెరిగి
ఇప్పుడు చిటికెనవేలు పట్టదు.

అది చేతులు మారుతూ పోయింది.
ప్రతి అరచేతికీ ఎర్రటి పొడి.
హ్రుస్కా కంటికి ఆనించుకుని
దీపం వైపు తిప్పి చూశాడు, చాలాసేపు.
రొసాల్బా వాసన చూసి
“ఇందులోంచా నేను జనం తెల్లబట్టలు ఉతికేది”
అంది, ఎవరితోనూ కాదు.

ఆమె కూతురు ఇట్సెల్, ఆరేళ్లది,
జేబులోంచి ఒక సెంటు తీసి
గొట్టంలో వేసింది.
అవతలికి రాలేదు.
ఊపింది. రాలేదు.
“నా డబ్బు ఇచ్చెయ్యండి” అంది మేయర్‌తో.

ఓటిస్ స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు.
ఇంకా లోపలికి పోయింది.
అప్పుడు హాలంతా నవ్విన నవ్వు
మినిట్స్‌లో ఎక్కడ రాయాలో
ఏ నిబంధనలోనూ లేదు.

నవంబరులో పందొమ్మిది ఓట్లతో నెగ్గింది.
వద్దనే వేశానని రొసాల్బా
నడివీధిలో నాతో చెప్పింది.
హ్రుస్కా ఎటు వేశాడో చెప్పడు,
అడిగితే వాన గురించి మాట్లాడతాడు.

ఏప్రిల్ ఒకటిన కాఫీ తాగాను.
రెండు డాలర్లు.
రసీదు కింద కొత్త గీత, ఒక సెంటు.
మడిచి జేబులో పెట్టుకున్నాను, ఎందుకో.
ఎల్మ్ వీధిలో ఇంకా ఎవరూ తవ్వడం లేదు.
ఓటిస్ మాత్రం కాలిబాట వెంట
నీలం జెండాలు గుచ్చుకుంటూ పోతున్నాడు,
నారు నాటుతున్నవాడిలా ఒంగి.

గొట్టం ముక్క నా బల్ల మీదే ఉంది,
కాగితాలు ఎగరకుండా.
కదిపితే లోపల గలగలమంటుంది.
బడినించి పోతూ ఇట్సెల్
కిటికీలో తల పెడుతుంది.
“వచ్చిందా?”
“ఇంకా లేదు.”
నమ్మదు. తనే ఊపి చూసుకుని
చేతులు గౌనుకి తుడుచుకుంటుంది.